టేపు మీది గొంతు ఎవరిది?

1944లో కైరో నగరంలో హలీం ఎల్-దబ్ అనే యువకుడు అక్కడి రేడియో స్టేషన్ నుంచి ఒక వైర్ రికార్డర్ అరువు తెచ్చుకున్నాడు. టేపు రికార్డర్లు ఇంకా బజారులోకి రాని రోజులవి. సన్నటి ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో ధ్వనిని నిలిపే బరువైన పెట్టె అది. వ్యవసాయ శాస్త్రం చదువుకున్న ఆ కుర్రవాడు దాన్ని మోసుకుని వెళ్లింది 'జార్' జరిగే చోటికి. జార్ అంటే మనకు బొత్తిగా తెలియనిదేం కాదు. ఒంట్లో చేరిన దాన్ని శాంతింపజేయడానికి ఆడవాళ్లంతా కూడి, డప్పుల మోత మధ్య పాడుతూ ఊగుతూ చివరికి సొమ్మసిల్లే తంతు. మన పూనకానికి, సిగానికి దూరపు చుట్టం అనుకోండి.

ఆడవాళ్లు కూడే చోటు కాబట్టి స్నేహితుడితో కలిసి ముసుగు కప్పుకుని లోపలికి వెళ్లానని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. తీగ మీదికెక్కిన గొంతుల్ని స్టేషన్‌కి తీసుకొచ్చి, ప్రతిధ్వని గదిలో మోగించి, మళ్లీ రికార్డు చేసి, మాటల అంచులు అరిగిపోయేదాకా వడగట్టాడు. చివరికి అటు పాటా కాని, ఇటు ఏడుపూ కాని దూరపు హోరు ఒకటి మిగిలింది. ఇవాళ మనకు దొరికేది దానిలో రెండు నిమిషాల ముక్క. రికార్డు చేసిన శబ్దాల్ని మార్చి సంగీతం కట్టడంలో ప్రపంచంలోని తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. 2017లో చనిపోయే లోపల ఎల్-దబ్‌కి ఆ గౌరవం ఆలస్యంగానైనా దక్కింది. ఆ గొంతుల వాళ్ల పేర్లు మాత్రం నేను చదివిన ఏ చరిత్రలోనూ కనబడలేదు.

చాలా పుస్తకాలు ఈ కథని కైరోలో మొదలుపెట్టవు కూడా. పారిస్‌లో మొదలుపెడతాయి. 1948 అక్టోబర్ 5న ఫ్రెంచి రేడియోలో పియరీ షేఫర్ అనే ఇంజనీరు 'చప్పుళ్ల కచేరీ' ప్రసారం చేశాడు. అందులో ఒక రచన మొత్తం రైళ్లే. బతిన్యోల్ స్టేషన్లో ఇంజన్ల కూతలు, చక్రాల లయ, పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే మోతలు ప్లేట్ల మీద కోయించి, గాడి తిరిగి తిరిగి అక్కడే ఆగిపోయేట్టు చేసి, వాటినే దరువుగా వాడుకున్నాడు. గుడివాడ-భీమవరం లైను పక్కన పెరిగిన మాబోటి వాళ్లకి ఇది కొత్త సంగీతమని ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. మండవల్లి స్టేషన్ దాటిన పాసింజరు ఏ కట్ట మీద ఉందో, వంటింట్లో కూర్చున్న ఆడవాళ్లు చక్రాల మోతని బట్టి చెప్పేవాళ్లు. అన్నం ఎప్పుడు వార్చాలన్నదీ దాని మీదే ఆధారపడి ఉండేది.

షేఫర్ కనిపెట్టిన ఒక కిటుకు చెప్పాలి. గంట కొట్టినప్పుడు మొదట వినబడేది దెబ్బ, తరవాత దాని మోగు. రికార్డులోంచి ఆ దెబ్బని కోసేసి మోగు ఒక్కదాన్నే వినిపిస్తే అది గంట అని ఎవరూ పోల్చుకోలేరు. పిల్లనగ్రోవిలాగానో, ఇంకేదో ఊది వాయించే వాద్యంలాగానో ఉంటుంది. దీని మీదే ఆయన తన సిద్ధాంతం నిర్మించాడు. ఏది మోగింది, ఎవరు మోగించారు, ఎందుకు మోగించారు అన్నవి మర్చిపోయి ధ్వనిని ధ్వనిగా వినాలన్నాడు. చెవికి అదొక సాధన. ఆ మాటలో అందం ఉందని ఒప్పుకుంటాను. గిన్నె చప్పుడుని గిన్నె చప్పుడుగా కాకుండా విన్న రోజు మన వంటగది కూడా మారిపోతుంది.

కానీ కొట్టిన దెబ్బని కోసేసి మోగుని మాత్రం అట్టిపెట్టుకోవడమనే పని ఆడవాళ్ల విషయంలో చరిత్ర ఎప్పటినుంచో చేస్తోంది కదా? కైరో ఆడవాళ్ల గొంతు ఎవరిదో, ఏ బాధకి అంత కేక పెట్టిందో మర్చిపొమ్మని వేరే చెప్పక్కర్లేదు, ఆ పని ముందే అయిపోయింది. మూలాన్ని మర్చిపోవడం కళాకారుడికి నియమం కావచ్చు. మూలంలో ఉన్నవాళ్లకి అది ఇంకో పూట మామూలు జీవితం.

యంత్రం తమ చేతుల్లో ఉన్న ఆడవాళ్ల పరిస్థితైనా మెరుగ్గా ఉందా అని చూస్తే లండన్ కనబడుతుంది. డాఫ్నీ ఓరమ్ 1942లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో వచ్చిన సీటు వదులుకుని, పదిహేడేళ్ల వయసులో బీబీసీలో చిన్న ఇంజనీరుగా చేరింది. మగవాళ్లు యుద్ధానికి పోవడంతో ఖాళీ అయిన కుర్చీలవి. 1949కల్లా 'స్టిల్ పాయింట్' అనే రచన పూర్తిచేసింది. వాద్యబృందం వాయిస్తుంటే, ముందే రికార్డు చేసిన ప్లేట్లని అక్కడికక్కడే తిప్పుతూ, ధ్వనిని మారుస్తూ కలపాలి. బీబీసీ దాన్ని పక్కన పడేసింది. పగలు స్టూడియోలో అందరూ వాడుకునే యంత్రాల్ని రాత్రిపూట ఒక గదిలోకి చేర్చి తన పని తాను చేసుకుని, తెల్లారేలోపు ఎక్కడివక్కడ పెట్టేసేదట. ఇల్లు సద్దుమణిగాక పుస్తకం తీసే మన తల్లులు, అత్తలు గుర్తొచ్చారా? 1958లో బీబీసీలో ధ్వని ప్రయోగశాల, రేడియోఫోనిక్ వర్క్‌షాప్, పెట్టించింది ఆవిడ పట్టుదలే. అక్కడ నాటకాలకి చప్పుళ్లు తయారుచేయడమే తప్ప సంగీతం కట్టడం కుదరదని తేలాక ఏడాదిలోపే రాజీనామా చేసింది. కెంట్‌లో హాప్స్ ఆరబెట్టే ఒక పాత ఇంట్లో తన సొంత యంత్రం కట్టుకుంది. సినిమా ఫిల్మ్ మీద గీత గీస్తే అది ధ్వనిగా మోగే యంత్రం. 2003లో పోయింది. 'స్టిల్ పాయింట్'ని ఒక సభలో జనం వినగలిగింది 2016లో. ఆ తరవాత 2018లో బీబీసీ తన ప్రామ్స్ కచేరీల్లో వినిపించింది. కాదన్న సంస్థే!

ఆ వర్క్‌షాప్‌కే వచ్చిన ఇంకో అమ్మాయి డెలియా డెర్బీషైర్. కేంబ్రిడ్జిలో లెక్కలూ సంగీతమూ చదివి 1959లో డెక్కా రికార్డు కంపెనీకి దరఖాస్తు పెడితే, రికార్డింగ్ స్టూడియోలో ఆడవాళ్లని పెట్టుకోం అని మొహం మీదే చెప్పారు. 1963లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌కి రాన్ గ్రైనర్ ఒక కాగితం మీద రాసిచ్చిన బాణీని ఆవిడ చేతికిచ్చారు. ఒక్క తీగని మీటి దాన్ని రికార్డు చేసి, టేపు వేగం మార్చి ఒక్కో స్వరం పుట్టించి, ఆ టేపుల్ని అంగుళాల లెక్కన కోసి అతికించి, వరసలన్నీ ఒకేసారి తిప్పి, ఎక్కడా ఒక్క వాద్యం వాయించకుండా పాట చేసింది. గ్రైనర్ అది విని, ఇది నేను రాసిందేనా అని ఆశ్చర్యపోయాడు, ఆవిడ పేరు పక్కన వేయమన్నాడు. ఉద్యోగుల పేర్లు వేయం అన్నది సంస్థ నియమం. తెర మీద డెలియా పేరు పడింది 2013లో, ఆవిడ చనిపోయిన పన్నెండేళ్లకి. అటక మీద 267 టేపులు దొరికాయి.

డెలియా గురించి నన్ను ఆపేసింది మాత్రం ఇది కాదు. శబ్దం మీద తనకి ప్రేమ ఎలా కలిగిందని అడిగితే ఆవిడ రెండు చెప్పింది. ఒకటి, 1940లో కోవెంట్రీ మీద బాంబులు పడుతున్నప్పుడు మోగిన సైరన్లు. రెండోది, ప్రెస్టన్‌లో తెల్లారగట్ల మిల్లుకి పోయే పనివాళ్ల చెక్కచెప్పులు రాతివీధి మీద చేసే టకటక. చిన్నపిల్ల మంచంలో పడుకుని విన్నది కూలీల నడక. సంగీతం ఎక్కడినుంచి వస్తుందని అడిగితే అంత పెద్ద చదువు చదివిన మనిషి చూపించింది పనిలోకి వెళ్తున్న కాళ్లని.

మిల్లు అంటే అహ్మదాబాద్ వస్తుంది. మనదేశంలో ఈ చరిత్ర అక్కడే, మిల్లు యజమానుల ఇంట్లోనే మొదలైంది. గీతా సారాభాయ్ 1922లో పుట్టింది. ఆడవాళ్లు ముట్టుకోరాదనుకునే పఖవాజ్ నేర్చుకుంది. 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్‌ని కలిసింది. ఆయన ఆవిడకి పాశ్చాత్య సంగీతం చెప్పాడు, ఆవిడ ఆయనకి మన సంగీతం చెప్పింది, ఇద్దరిమధ్యా ఫీజు లేదు. మనసుని నెమ్మదింపజేయడానికే సంగీతం అని తన గురువు చెప్పిన మాట ఆవిడ కేజ్‌కి చెప్పింది. వెళ్లేటప్పుడు రామకృష్ణ పరమహంస బోధల పుస్తకం ఇచ్చింది. ఆ మాట కేజ్ జీవితాంతం చెప్పుకున్నాడు. ఆయన జీవిత చరిత్రలన్నిటిలోనూ ఆవిడ ఉంటుంది, ఒక పేరాలో. కేజ్‌కి భారతదేశం పరిచయం చేసిన అమ్మాయిగా. ఆ పేరా తరవాత ఆవిడ ఏం చేసిందన్నది ఎవరికీ పట్టలేదు.

ఆవిడ చాలా చేసింది. 1949లో అహ్మదాబాద్‌లో సంగీత్ కేంద్ర పెట్టి సంప్రదాయ సంగీతాన్ని రికార్డు చేయించింది. 1969లో ఆవిడ అన్న గౌతమ్, చెల్లెలు గిరా నడిపిన జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ అమెరికా నుంచి వచ్చి మూగ్ సింథసైజర్‌తో, టేపు యంత్రాలతో స్టూడియో ఏర్పాటు చేశాడు. 1972 దాకా అక్కడ పనిచేసినవాళ్లలో గీతా ఉంది. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా ఉన్నారు. తరవాత ఆ టేపులు సంస్థ గిడ్డంగిలో ఉండిపోయాయి. లండన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి పట్టుకుని, 2020లో బీబీసీ రేడియోలో ఆ కథ చెప్పాడు. 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. గీతా 2011లోనే పోయింది.

నేను ఆవిడ ముక్కలు మళ్లీ మళ్లీ విన్నాను. వాటిలో దేశభక్తీ లేదు, రాగాల ప్రదర్శనా లేదు. ఒక స్వరం లేచి, అలా నిలబడి, వంగుతుంది. ఓపిగ్గా వింటే మనసు నిజంగానే నెమ్మదిస్తుంది. అయితే ఈ ఆనందంలో ఒక లెక్క కలిసే ఉంది. అంత ఖరీదైన యంత్రం ముందు ఒక భారతీయ స్త్రీ కూర్చోగలిగిందంటే దాని వెనక కాలికో మిల్లు ఉంది. ఆ మగ్గాల హోరు ఎనిమిదేసి గంటలు విన్నవాళ్లెవరికీ అది ధ్వనిగా వినే తీరిక దొరకలేదు. గీతాని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. మగవాళ్ల చరిత్రలోంచి తప్పిపోయిన స్త్రీని వెనక్కి తెచ్చుకున్నప్పుడు ఆమె ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్న ఇంకో స్త్రీని కూడా లోపలికి పిలవాలి కదా.

తెలుగునాట స్టూడియో అంటే మద్రాసు సినిమా స్టూడియో, లేదంటే రేడియో స్టేషను. విజయవాడ ఆకాశవాణి మొదలైంది 1948 డిసెంబర్ 1న. షేఫర్ చప్పుళ్ల కచేరీకి సరిగ్గా రెండు నెలలైనా నిండలేదు. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు, రేకు ఊపి ఉరుములు పుట్టించే రేడియో నాటకాలు వింటూ పెరిగిన తరాలు మనవి. మనం దాన్ని 'ఎఫెక్ట్సు' అన్నాం, కళ అనలేదు. ఓరమ్ పనినీ బీబీసీ అదే మాటతో పిలిచింది.

మన ఆడవాళ్ల పాట మైకు ముందుకి రావడానికి వింజమూరి సీత, అనసూయ అక్కాచెల్లెళ్లు చేసింది చిన్న పని కాదు. పొలంలో, తిరగలి దగ్గర పుట్టిన పాటని హార్మోనియంతో వేదిక మీదికీ రేడియోలోకీ తెచ్చారు. అనసూయ 2019లో హ్యూస్టన్‌లో పోయేనాటికి కూడా ఆ పాటల మనిషిగానే ఉంది. అదీ ఒక రూపాంతరమే. తిరగలి మోత పోయి హార్మోనియం వచ్చింది. పాట బతికింది, పని చప్పుడు కోసుకుపోయింది. షేఫర్ గంటలోంచి దెబ్బ తీసేసినట్టే.

రికార్డర్‌ని ఇంకోలా పట్టుకున్నవాళ్లు హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని టేపుల మీదికెక్కించిన కథలు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయి. ఈ పత్రిక పాఠకులకి ఆ పుస్తకం గురించి నేను చెప్పక్కర్లేదు. దాన్ని నేను ఇప్పుడు ఈ చరిత్రలో భాగంగా చదువుతున్నాను. స్వరాజ్యం, ప్రియంవద, కమలమ్మ ఎలా మాట్లాడారో అలాగే, వాళ్ల యాసలో, పేజీ మీద పెట్టడానికి సంపాదకులు పడిన శ్రమ ప్రతి వాక్యంలోనూ తెలుస్తుంది. అయినా అచ్చులో రానిది ఉంటుంది. ఒక మనిషి బిడ్డని వదిలేసి రావాల్సివచ్చిన సంగతి చెప్పేముందు ఎంతసేపు ఆగుతుందో చుక్కలు పెట్టి చూపించలేం. ఆ ఆగడం టేపు మీదే ఉంటుంది. ధ్వనిని రాతగా మార్చడం కూడా కోయడమూ అతకడమే. తేడా ఒకటే, ఆ పుస్తకంలో ప్రతి గొంతుకీ పేరుంది.

పన్నెండేళ్ల తరవాత యంత్రం ఇంకాస్త కిందికి దిగింది. మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా, మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు 1998లో రేడియో కేంద్రం కట్టుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది కానీ లైసెన్సు రావడానికి పదేళ్లు పట్టింది. అన్నాళ్లూ రికార్డు చేసిన క్యాసెట్లని ఊళ్లకి తీసుకెళ్లి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాల్లోకి ఎక్కింది. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ మైకు పట్టుకున్నారు, మీటలు తిప్పారు, ఏది ఉంచాలో ఏది తీయాలో తామే నిర్ణయించారు. విత్తనాల పాట రికార్డయితే అందులో కోడి కూసినా తీయరు. నా దృష్టిలో తెలుగునేల మీద ధ్వని రచనకి అసలైన స్టూడియో అదే. దాన్ని 'అభివృద్ధి సమాచారం' అనే అరలో పడేయడం మన విమర్శకుల సోమరితనం.

మళ్లీ ఒకసారి దూరం పోవాలి. కెనడాలో హిల్డెగార్డ్ వెస్టర్‌కాంప్ అనే రచయిత్రి 1989లో చేసిన 'కిట్స్ బీచ్ సౌండ్‌వాక్' విన్నాక షేఫర్‌కి నేను వెతుకుతున్న జవాబు దొరికింది. సముద్రపు ఒడ్డున రాళ్లకి పట్టిన పీతల్లాంటి చిన్న జీవాలు చేసే చిటపట రికార్డు చేసింది. వెనక వాంకూవర్ నగరపు మోత. ఆవిడ తన గొంతుతోనే మనతో మాట్లాడుతూ ఉంటుంది. ఇప్పుడు నగరాన్ని తగ్గిస్తున్నాను, స్టూడియోలో ఇది చేయగలను అని చెప్పి మరీ తగ్గిస్తుంది. కోత పెట్టే చెయ్యి మనకి వినబడుతుంది. 1992లో ఢిల్లీలో ధ్వని శిక్షణ శిబిరానికి వచ్చినప్పటినుంచి మన వీధుల శబ్దాలతోనూ ఆవిడ రచనలు చేసింది. ధ్వనిని మార్చడం తప్పు కాదు, మార్చినట్టు చెప్పకపోవడం దగ్గరే నాకు పేచీ.

ఇదంతా నాకు చదువుకునే విషయంగా మాత్రమే లేదు. మండవల్లి కొల్లేటి కింద మండలం. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కొల్లేరు గురించి రాసేవాళ్లు 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో గట్లు కూల్చడం, కొంగలూ గూడబాతులూ అన్నీ రాస్తారు. చప్పుడు మారిన సంగతి రాయరు. వరి ఊడ్పుకి వరసగా ఆడవాళ్లు కావాలి. అదే చేను చేపల చెరువైతే మేత వేయడానికొకడు, కాపలాకొకడు చాలు. ఊడ్పులు పోయిన చోట ఊడ్పు పాట ఎందుకుంటుంది? ఇప్పుడు రాత్రంతా వినబడేది నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోత. మా చేను కూడా 1990ల్లో చెరువైంది. లీజు డబ్బు మా ఇంటికి వచ్చింది. కూలి పోయింది మా ఇంట్లో కాదు.

ఆ చేలోనే 1987లో మా మేనమామ టూ-ఇన్-వన్ గట్టు మీద పెట్టి రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి నా దగ్గరుంది. అట్ట మీద ఆయన దస్తూరీతో 'ఊడ్పు పాటలు - కూలీలు' అని ఉంది. నారు కట్టలు నీళ్లలో పడే చప్పుడు, బురదలోంచి కాలు లాగే చప్పుడు, పాట. మధ్యలో మామయ్య గొంతు, "ఏయ్, ఆ పాట ఇంకోసారి ఎత్తుకోండే." దానికొక ఆవిడ, "పాట ఎత్తుకుంటే ఊడ్పు ఆగుద్దండి, కూలి కోసుకోరు కదా?" అంటుంది. వరసంతా నవ్వు. పాట మళ్లీ మొదలవుతుంది.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పాట ఎత్తుకున్నావిడ కూతురితో కలిసి విన్నాను. తల్లి పోయి పదేళ్లు దాటింది. కూతురు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. వేగం సగానికి తగ్గిస్తే గొంతు ఒక స్థాయి కిందికి దిగుతుంది, ప్రతి అక్షరం రెండింతలు సాగుతుంది. అలా వినిపించాను. కాసేపు విని, "అదేంటక్కా, అమ్మని మగాడి గొంతు చేశావు?" అంది. తరవాత తనే, "దాన్ని ముట్టుకోకు. ఏరేటర్ ఉందిగా, దాన్ని ఏం చేస్తావో చెయ్యి. రాత్రంతా చెవులో అదే" అంది. మర్నాడు రాత్రి ఇద్దరం చెరువు గట్టు మీద నిలబడి అది రికార్డు చేశాం. దాన్ని నాలుగింతలు నెమ్మదిస్తే చక్రం రెక్క నీళ్లని కొట్టే దెబ్బలు ఒక్కొక్కటిగా విడిపోయాయి. నారు కట్ట నీళ్లలో పడినట్టే ఉన్నాయి. ఆ దెబ్బల మీద పాటని అలాగే, వేగం మార్చకుండా పెట్టాం. మామయ్య మాటా ఉంచాం. ఉంచమంది తనే.

ఇప్పుడు అట్ట మీద 'కూలీలు' అన్న మాట కింద పేర్లు రాస్తున్నాం. గొంతుని బట్టి తను ఐదుగురిని పోల్చింది. కూలి కోసుకోరు కదా అని అడిగిన ఆవిడ ఎవరో ఇద్దరికీ తెలియలేదు. ఆ వరసలో ఊడ్చిన ఒక పెద్దావిడ కైకలూరులో కొడుకు దగ్గర ఉంటోందట. చెవులు సరిగ్గా వినబడవంటున్నారు. ఆదివారం హెడ్‌ఫోన్లు పట్టుకుని వెళ్తున్నాం.